డ్యాకోపాఖ్యానం

ల్యాప్‌టాప్‌కి బయటినుంచి తగిలించుకునే డ్యాక్ ఏది కొనమంటారని ఈ రెండు నెలల్లో ముగ్గురు మిత్రులు అడిగారు. అందులో ఒకాయన నాలుగింటి పేర్లు, ధరలు పట్టిక వేసి పంపి, "వీటిలో ఘంటసాల గొంతు దేంట్లో బాగా పలుకుతుంది?" అని ప్రశ్న వేశారు. ముగ్గురికీ ఒకటే జవాబు చెప్పాను: కొనకండి, తప్పనిసరైతే అన్నిటికంటే చవకైనది కొనండి. ముగ్గురూ నన్ను పిసినారి కింద జమకట్టారు.

పిసినారినే అయితే ఈ టపా రాయవలసిన అవసరం ఉండేది కాదు. ఇరవై రెండు వేలు పోసి అగ్గిపెట్టెకంటే కాస్త పెద్దదైన నల్లటి పెట్టె ఒకటి కొన్నవాణ్ణి నేను. అది ఇప్పటికీ నా బల్లమీదే ఉంది. దాని నీలం దీపం వెలుగుతూనే ఉంది. దాని మీద నాకేమీ కోపం లేదు, అప్పగించిన పని నిక్కచ్చిగా చేస్తోంది. నా కోపమంతా దాన్ని నాచేత కొనిపించిన మాటల మీద. ఆ మాటలు నమ్మినందుకు నామీద కూడా కొంత.

ముందు పేరు సంగతి. "డిజిటల్ టు అనలాగ్ కన్వర్టర్" అనే పొడుగాటి పేరుకు పొట్టిరూపం డ్యాక్. కంప్యూటరు పాటను అంకెలుగా దాచుకుంటుంది. చెవికి అంకెలు పనికిరావు, గాలిలో అల కావాలి. ఆ అంకెల వరుసను విద్యుత్తరంగంగా మార్చి హెడ్‌ఫోనుకు అందించేది డ్యాక్. తెలుగులో "అంకధ్వని పరివర్తకం" అని ఒక పేరు కట్టి చూశాను. అది పలకడానికి మరో యంత్రం కావలసివచ్చేలా ఉందని మానుకున్నాను. ఇంతకన్నా మంచి మాట తోచినవారు చెబితే సంతోషిస్తాను.

పేరు కన్నా ముఖ్యమైన విషయం, ఈ వస్తువు మీ దగ్గర ఇప్పటికే ఉంది. పాట వినిపించే ప్రతి ల్యాప్‌టాప్‌లోనూ, ప్రతి ఫోనులోనూ ఒక డ్యాక్ ఉంటుంది. లేకపోతే మీకు ఏమీ వినబడదు. కాబట్టి రెండోది కొనబోయేవాడు, ఉన్నదానికి ఏం రోగం వచ్చిందో ముందుగా చూసుకోవాలి. అలా చూసుకున్నవాణ్ణి నేను ఇంతవరకు కలవలేదు. నేనూ చూసుకోలేదు. సమీక్షలు చదివాను. అదే నా కొంప ముంచింది.

సాహిత్య విమర్శ చదివే అలవాటున్న మనబోటివాళ్లకు ఆ సమీక్షల భాష మహా తేలిగ్గా ఎక్కుతుంది. ఒక పెట్టె "వెచ్చగా" పలుకుతుందట. ఇంకొకటి "పారదర్శకం". మరొకదానిలో వాద్యాల మధ్య "గాలి ఆడుతుంది". అయిదు వేలది "పొడిగా" ఉంటే, యాభై వేలది "తేనెలూరుతుంది". తొమ్మిదో శతాబ్దంలో ఆనందవర్ధనుడు ధ్వన్యాలోకం రాస్తూ, మాటకు పైకి తెలిసే అర్థం వెనక స్ఫురించే అర్థాన్ని ధ్వని అన్నాడు. దాన్ని అందుకోగలవాడు సహృదయుడు. ఆయన కవిత్వాన్ని గురించి చెప్పిన మాటను వీరు తీసుకెళ్లి సర్క్యూటుకు తగిలించారు. వారు విన్న వ్యంగ్యార్థం మీకు వినబడకపోతే తప్పు పెట్టెది కానేకాదు, మీరు సహృదయులు కారు. మీ చెవి ఇంకా పండలేదు. మీ హెడ్‌ఫోను చాలదు. మీ తీగ మార్చాలి. దేవతావస్త్రాల కథలోని నేతగాళ్లు కూడా ఇంత పకడ్బందీ ఏర్పాటు చేసుకోలేదు.

ఇక లెక్కలకు వద్దాం. 1982లో బజారులోకి వచ్చిన సీడీ, శబ్దాన్ని సెకనుకు 44,100 సార్లు కొలిచి, ఒక్కొక్క కొలతను 16 బిట్లలో రాస్తుంది. కొలతల సంఖ్యలో సగం లోపు పౌనఃపున్యాలన్నీ అందులో లోటు లేకుండా ఇముడుతాయన్నది గణితం ఎప్పుడో తేల్చిన సంగతి. అంటే 22 కిలోహెర్ట్జుల దాకా. మనిషి చెవికి పడుచుతనంలోనైనా అందేది 20 వరకే. నలభైలు దాటినవారిలో చాలామందికి 15, 16 దగ్గరే తలుపు మూసుకుపోతుంది. (కొత్తగా బ్లాగులు మొదలుపెట్టిన రోజుల్లో మనందరికీ ఇంకో రెండు కిలోహెర్ట్జులు ఉండేవి!) 16 బిట్లవల్ల అతి మెల్లని శబ్దానికీ అతి గట్టి శబ్దానికీ మధ్య సుమారు 96 డెసిబెల్స్ ఎడం దొరుకుతుంది. నిమిషానికి 78 చుట్లు తిరిగే లక్క రికార్డులో అందులో సగం ఉంటే గొప్ప. ఘంటసాల తొలి సినిమాపాటలు జనం కొనుక్కున్నది ఆ రికార్డుల మీదే. మీడియం వేవ్ రేడియోలో విన్న భక్తిరంజని అయిదు కిలోహెర్ట్జుల దరిదాపుల్లో ఆగిపోయేది. దానితోనే మన ఇళ్లలో తెల్లవార్లు తెల్లవారాయి. అటువంటి ధ్వనికి "24 బిట్లు, 192 కిలోహెర్ట్జులు" అన్న బంగారు రేకు అంటించి అమ్ముతుంటే, చిట్టిచెంబులో నీళ్లు పట్టడానికి గంగాళం కొనమన్నట్టుంది.

ఇది నా సొంత పైత్యం కాదు. 2007లో మేయర్, మోరన్ అనే ఇద్దరు ఆడియో ఇంజినీరింగ్ సొసైటీ పత్రికలో ఒక ప్రయోగం ప్రచురించారు. హై రిజల్యూషన్ డిస్కుల ధ్వనిని ఒకసారి యథాతథంగా, ఒకసారి సీడీ స్థాయికి కుదించి వినిపించి, ఏది ఏదో చెప్పమన్నారు. 554 ప్రయత్నాల్లో సరైన జవాబులు 276. కళ్లు మూసుకుని బొమ్మా బొరుసూ వేసినా అన్నే వస్తాయి. అవతలి పక్షాన్ని కూడా చెప్పడం ధర్మం గనక చెబుతున్నాను: 2016లో జాషువా రైస్ అనే ఆచార్యుడు 18 ప్రయోగాల ఫలితాలను కలిపి లెక్కగట్టి, 12,500కు పైబడిన ప్రయత్నాల్లో 52.3 శాతం సరైన జవాబులు వచ్చాయని చూపాడు. శిక్షణ పొందిన చెవులకు ఇంకాస్త ఎక్కువే. సరే, తేడా ఉందనే ఒప్పుకుందాం. నూటికి యాభై రావలసినచోట యాభైరెండు. "రాత్రికీ పగలుకీ ఉన్నంత తేడా" అని రాసే సమీక్షకుడు ఏ ఊళ్లో సూర్యోదయం చూశాడో!

ఇవి రికార్డింగు స్థాయి గురించిన పరీక్షలు, పెట్టెల గురించినవి కావని ఎవరో ఒకరు తప్పక పట్టుకుంటారు. నిజమే. పెట్టె సంగతి నా ఇంట్లోనే తేల్చుకున్నాను. ఒకవైపు నా ఇరవై రెండు వేల పెట్టె, మరోవైపు ఆపిల్ వారు 2018లో తెచ్చిన తొమ్మిది డాలర్ల యూఎస్‌బీ-సీ తీగముక్క. (ఆ తీగముక్క కొసలో కూడా ఒక డ్యాక్ ఉంది. అంత చిన్నది.) ఒక స్వరాన్ని నిలకడగా మోగించి, వోల్టుమీటరు పెట్టి రెండింటి గట్టితనం సమానం చేశాను. ఇదే కీలకం. రెండింటిలో ఏది పిసరంత గట్టిగా మోగితే అదే బాగున్నట్టు మనకు తోస్తుంది. గట్టిగా ఉందని మాత్రం తోచదు. మా అబ్బాయి నాణెం ఎగరేసి నాకు కనబడకుండా తీగలు మార్చాడు. పదహారుసార్లు విన్నాను. పన్నెండైనా సరిగ్గా చెబితేగానీ అది కాకతాళీయం కాదనడానికి లేదు. తొమ్మిది చెప్పాను. పరీక్షకు ముందు, పెట్టెను కళ్లతో చూస్తూ విన్నప్పుడు, అందులో వీణ మెట్లమీద వేలు జారడం ప్రత్యేకంగా వినబడుతోందని మా ఇంటావిడకు ప్రమాణం చేసి చెప్పాను. మా అబ్బాయి ఆ సంగతి ఇంకా మరవలేదు.

ఈ బజారులో పెద్దపెద్ద బోణీలే బోర్లాపడ్డాయి. నీల్ యంగ్ అంతటి గాయకుడు 2014లో పోనో అనే జేబు ప్లేయరు చేస్తానని కిక్‌స్టార్టర్‌లో చందాలడిగితే అరవై లక్షల డాలర్లకు పైగా పోగయ్యాయి. 399 డాలర్ల ఆ ముక్కోణపు వస్తువు 2017 కల్లా చరిత్రలో కలిసింది. అదే 2014లో ఎంక్యూఏ అనే పద్ధతి పుట్టింది. స్టూడియోలో పుట్టిన ధ్వనిని పుట్టినట్టే ఇంటికి చేరుస్తామన్నారు. దానికి లైసెన్సు కట్టిన డ్యాకులే దాన్ని పూర్తిగా విప్పగలవన్నారు. ఆ ముద్ర కోసమే పెట్టెలు మార్చినవారు ఉన్నారు. 2023లో ఆ సంస్థ దివాలా ప్రక్రియలోకి పోయింది. 2024లో దాన్ని నెత్తినపెట్టుకున్న టైడల్ కూడా దాన్ని దించేసి మామూలు ఫ్లాక్ ఫైళ్లకు మారింది. పెట్టెల మీద ముద్రలు మాత్రం మిగిలాయి.

వాదం కోసం అబద్ధమాడను. బయటి డ్యాక్ నిజంగా కావలసిన సందర్భాలున్నాయి. ల్యాప్‌టాప్ లోపల ఫ్యాను, చార్జింగు, తెర, అన్నీ ఒకే ఇరుకింట్లో కాపురముంటాయి. ఆ రొద డ్యాక్ దాకా పాకితే, పాట ఆపినా హెడ్‌ఫోనులో బుస వినిపిస్తుంది, మౌసు కదిపితే గిర్రుమంటుంది. అప్పుడు డ్యాక్‌ను బయట పెట్టడమే వైద్యం. చార్జరు తీస్తే ఆగిపోయే హుంకారమైతే మాత్రం తరచు అది ఎర్తింగు లోపం. యూఎస్‌బీ తీగ వెంట కొత్త పెట్టెలోకీ వస్తుంది కనక, ముందు గోడ ప్లగ్గు చూసుకోండి. సెన్‌హైజర్ హెచ్‌డీ 600 వంటి 300 ఓముల హెడ్‌ఫోను వాడేవారికి ల్యాప్‌టాప్ బలం చాలకపోవచ్చు. వారికి కావలసింది నిజానికి ఆంప్లిఫయరు, ఈ పెట్టెల్లో అది కలిసే ఉంటుంది. జాకు విరిగిపోయినవాళ్లు, అసలు జాకే లేని ల్యాప్‌టాపు కొన్నవాళ్లు సరేసరి. వీటిలో చాలావాటికి రెండు మూడు వేలలో మందు ఉంది. జేబు ప్లేయరు కావాలనుకునేవాళ్లకు నాకు తోచే సమర్థన ఒక్కటే: అందులో ఫోను మోగదు. తక్కువ సుఖమేం కాదు అది.

ఇక పట్టిక పంపిన మిత్రుణ్ణి మీరు వాడే హెడ్‌ఫోను ఏదని అడిగాను. బ్లూటూత్ అన్నారు. తీగలేని హెడ్‌ఫోనుకు అంకెలు అంకెలుగానే గాలిలో వెళతాయి. వాటిని ధ్వనిగా మార్చే డ్యాక్ ఆ హెడ్‌ఫోను కడుపులోనే ఉంటుంది. ల్యాప్‌టాప్ పక్కన ఎన్ని వేల పెట్టె పెట్టినా అది ఊరికే కూర్చుని దీపం వెలిగించుకుంటుంది. ఈ ముక్క ఆ నాలుగు సమీక్షల్లో ఏ ఒక్కటీ ఆయనకు చెప్పలేదు.

మరి ఇంత చెబుతున్నవాణ్ణి నేనెందుకు కొన్నాను? ఈ టపా అసలు దానికోసమే.

మా బామ్మ పాటలు పాడేది. నేర్చుకున్న సంగీతం కాదు. అధ్యాత్మ రామాయణ కీర్తనలు, మేలుకొలుపులు, మంగళహారతులు, ఊర్మిళాదేవి నిద్ర, లక్ష్మణదేవర నవ్వు, ఆ తరం ఆడవాళ్లకు నోటికి వచ్చినవన్నీ ఆమెకూ వచ్చు. 1986 వేసవి సెలవుల్లో మా బాబాయి టేప్‌రికార్డరు పట్టుకొచ్చి, పెరటి అరుగుమీద ఆమెను కూర్చోబెట్టి పన్నెండు క్యాసెట్ల నిండా పాడించాడు. బామ్మ 1991లో పోయింది. 2007లో ఆ క్యాసెట్లను పట్నంలో ఒక దుకాణంలో ఇచ్చి సీడీ చేయించాం. పన్నెండు గంటల పాటలనూ ఒకే సీడీలో పట్టించి ఇచ్చాడాయన. 128 కిలోబిట్ల ఎంపీ3గా నొక్కాడు కనక పట్టాయి. "గాలిశబ్దమంతా తీసేశానండీ, గాజులా ఉంటుంది" అని కూడా చెప్పాడు. మేం సంబరపడ్డాం. ఆ తర్వాత ఇల్లు మారేటప్పుడు క్యాసెట్లు పారేశాం. "పారేశాం" అని బహువచనం ఎందుకు, పారేసింది నేనే.

కొన్నేళ్ల కిందట, ఊర్మిళాదేవి నిద్రను బామ్మ పాడిన పాఠంలోనే రాసుకుని ఇక్కడ పెడదామని కూర్చున్నాను. అచ్చులో నేను చూసిన పాఠంలో లేని చరణాలు అందులో ఉన్నాయి. నాలుగుచోట్ల మాట అందలేదు. శకారమో సకారమో తేలదు. ఒకచోట మాట చివర కరిగిపోయి నీళ్లలో మునిగినట్టు ఉంటుంది. ఎన్నిసార్లు వెనక్కి తిప్పినా అంతే. ఒక మిత్రుడు "మంచి డ్యాక్ పెట్టి విను, లోపలున్నదంతా బయటికొస్తుంది" అన్నాడు. సమీక్షలూ అదే పాట ఎత్తుకున్నాయి, ఇన్నాళ్లూ వినబడనివి వినబడతాయని. కొన్నాను. రాత్రి తలుపులు వేసుకుని విన్నాను. ఆ నాలుగుచోట్లా అదే మునక, ఇంకా స్పష్టమైన మునక.

కారణం తరవాత తెలిసింది. క్యాసెట్టు బుస ఉండేదీ, శషసల ఊపిరీ, హల్లుల అంచులూ ఉండేదీ దాదాపు ఒకే చోట, పై పౌనఃపున్యాల్లో. బుసను పెళ్లగించే సాఫ్ట్‌వేరుకు బామ్మ సకారానికీ టేపు సకారానికీ తేడా తెలియదు. ఒక మోతాదుకు లోబడినదల్లా గీకేస్తుంది. మిగిలినదాన్ని ఎంపీ3 మరోసారి వడగడుతుంది. ఆ మాటలు ఇప్పుడు ఆ ఫైలులో లేవు. లేనిదాన్ని ఇరవై రెండు వేల పెట్టె ఎక్కణ్ణుంచి తెస్తుంది? రెండు లక్షలదైనా ఎక్కణ్ణుంచి తెస్తుంది?

నా కోపానికి మూలం ఇదీ. యంత్రంలోంచి ధ్వని బయటికి వచ్చే దారి చాలాకాలం కిందటే బాగుపడింది, తొమ్మిది డాలర్ల తీగముక్కలో కూడా బాగుపడింది. కొంపలు మునుగుతున్నది ధ్వని లోపలికి పోయే దారిలో. మనం బయటి దారికి పాలరాయి పరుస్తున్నాం. పాత తెలుగు పాటల డిజిటల్ ప్రతులు ఓపిగ్గా వినండి. గొంతులోని గరుకంతా నున్నగా చెక్కేసినవి, మోనో పాటను చీల్చి దొంగ స్టీరియో చేసినవి, ఎక్కించేటప్పుడు వేగం తప్పి శ్రుతి మారినవి ఎన్ని దొరుకుతాయో చూడండి. వేగం ఆరు శాతం పెరిగితే శ్రుతి ఒక స్వరస్థానం పైకి పోతుంది. గాయకుడు వేరే మనిషవుతాడు. ఆ ఫైలునే 24 బిట్ల పెట్టెలో పోసి "పారదర్శకత" వింటున్నాం.

డబ్బు పెట్టి తీరాలనుకునేవారు ఎదురుదిక్కున పనిచేసే పెట్టె కొనండి. ధ్వనిని అంకెలుగా మార్చేది, లైన్ ఇన్ ఉన్న ఆడియో ఇంటర్‌ఫేస్. బెరింగర్ యూసీఏ222 వంటి చిన్నది చాలు, దానిలో హెడ్‌ఫోను జాకు కూడా ఉంది కనక మీ డ్యాక్ ముచ్చటా తీరుతుంది. ల్యాప్‌టాప్ మైకు జాకులో మాత్రం క్యాసెట్ ప్లేయరును గుచ్చకండి. అది సాధారణంగా మోనో, పైగా గట్టితనాన్ని తనకు తోచినట్టు పెంచి తగ్గిస్తుంది. క్యాసెట్టుకు 16 బిట్లు చాలు. 24 ఉంటే రికార్డు చేసేటప్పుడు స్థాయి తగ్గించి పెట్టినా నష్టం రాదు. ఆ ఎనిమిది బిట్లకు నిజమైన ప్రయోజనం ఉన్నది వినేచోట కంటే రికార్డు చేసేచోటే. ప్లేయరు హెడ్డునూ, రబ్బరు చక్రాన్నీ ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో తుడవండి. పాత టేపును ఒకసారి చివరిదాకా తిప్పి, మళ్లీ మొదటికి తెచ్చి అప్పుడు మోగించండి. హెడ్డు పక్కన చిన్న మర ఉంటుంది, శషసలు బాగా వినబడేదాకా దాన్ని సుతారంగా తిప్పాలి. ఆ ఒక్క మరలో ఉన్న "పారదర్శకత" ఏ డ్యాకులోనూ లేదని నా అనుభవం. అడాసిటీ ఉచితంగా దొరుకుతుంది. గంట క్యాసెట్టు 24 బిట్లు, 48 కిలోహెర్ట్జుల్లో సుమారు ఒక గిగాబైటు. ఫ్లాక్ చేస్తే ఇంకా తగ్గుతుంది. బుస తీయాలని చెయ్యి దురదపెడితే నకలు మీద తీయండి. మూలప్రతి జోలికి పోకండి. క్యాసెట్టు పారేయకండి.

పన్నెండూ పారేశాననుకున్నాను గానీ, రెండు మా పిన్ని ట్రంకుపెట్టెలో ఉన్నాయి. హారతులు వినడానికని ఆమె దాచుకుందట. పోయిన సంక్రాంతికి తెచ్చి ఎక్కించాను. బుస ఉంది. బుస వెనక నూతి గిలక తిరుగుతోంది. బామ్మ శకారం శకారంగానే ఉంది. పాటకూ పాటకూ మధ్య సీడీలో లేని మాటలు కూడా ఉన్నాయి: "ఒరే, ఇంకెంతసేపురా, పొయ్యిమీద పప్పు పెట్టొచ్చాను." దుకాణాయన పాట కానిదని కత్తిరించేసినట్టున్నాడు. ఇదంతా నేను విన్నది తొమ్మిది డాలర్ల తీగముక్కలో.

ఆ రెండింటిలో ఊర్మిళాదేవి నిద్ర లేదు. వచ్చేవారం ఆ పాఠాన్ని సీడీలో దొరికినంత మేరకు ఇక్కడ పెడతాను. నాలుగుచోట్ల చుక్కలుంటాయి. మీ ఇళ్లలో ఆ పాట పాడిన పెద్దవాళ్లుంటే, వారి పాఠంలో ఆ చరణాల దగ్గర ఏ మాటలున్నాయో కాస్త అడిగి చెప్పండి.